డెబ్బై ఒక్క ఏళ్ళ పెత్తనం

షిమోత్సు, వకాయామా
1997 సెప్టెంబరు 8

మినోరీ,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తోందేమిటీ అనుకుంటావు. మా ఫోను నాన్న కూర్చునే చోటికి బారెడు దూరం. నేను చెప్పేది ఆయన గురించే.

నీ వ్యాసం మా వెనిగర్ కొట్టు ఆఫీసు గోడ మీద ఉంది. కేలెండరు పక్కన, నాలుగు మూలలా పిన్నులు గుచ్చి మరీ పెట్టారు. మొత్తం వ్యాసం కాదులే, బ్యాంకు మేనేజరుగారు తెచ్చిచ్చిన రెండు పేజీల సారాంశం. "మీ తమ్ముడుగారి అమ్మాయేనటగా!" అంటూ ఆయన రెండు చేతులా అందిస్తే, నాన్న కళ్ళజోడు తుడుచుకుని అక్కడే చదివారు. ఆ పూట భోజనాల దగ్గర మాకూ వినిపించారు.

"పాత వ్యాపార కుటుంబాల్లో ఒకే పెద్ద ఎక్కువ కాలం పెత్తనం చేసిన ఇళ్ళు కష్టకాలాన్ని బాగా తట్టుకున్నాయి."

చదివి, చేపలో ముళ్ళు ఏరుకుంటున్న మీ బావ వైపు చూశారు. "విన్నావా తకుమా? నేనన్నది కాదయ్యా. యూనివర్సిటీ అన్నది."

మీ బావ "విన్నానండీ" అని ముళ్ళు ఏరుకున్నాడు.

నీకు తెలుసుగా, రాబోయే కొత్త సంవత్సరానికల్లా కొట్టునీ, ఇంటిపెద్దకి వచ్చే జింబె అన్న పేరునీ మీ బావకి అప్పగిస్తానని నాన్న నిరుడు అందరి ముందూ అన్నారు. మీ బావ ఇల్లరికం వచ్చి పన్నెండేళ్ళు. పన్నెండేళ్ళూ వెనిగర్ తొట్ల దగ్గర పని ఆయన చేతుల మీదుగానే నడుస్తోంది. ఇప్పుడు నాన్న, "కాలం బాగా లేదు, ఇలాంటప్పుడు పెద్దని మార్చకూడదని లెక్కల్లోనే తేలింది" అంటున్నారు.

నువ్వు నిజంగా అలా రాశావా? రాస్తే రాశానను, లేకపోతే లేదను. నాకు అర్థమయ్యే మాటల్లో చెప్పు, ఆ గళ్ళూ గీతలూ వద్దు.

నిన్ను తప్పు పట్టడం లేదు. చిన్నప్పుడు మేం వచ్చినప్పుడల్లా పుస్తకం వెనకాల దాక్కునేదానివి. ఇప్పుడు నీ పుస్తకం వెనకాల మా నాన్న దాక్కున్నారు. అంతే.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇవాళ రాయలేను.

నీ అక్క
సయోకో


క్యోటో
సెప్టెంబరు 15

సయోకో అక్కకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

రాశాను. మెయిజీ కాలం నుంచి యుద్ధం ముందు దాకా, ఒసాకా, క్యోటో, వకాయామా చుట్టుపక్కల నాలుగు వందల పాత వ్యాపార కుటుంబాలను తీసుకున్నాను. ఆ రోజుల్లో వ్యాపారుల పేర్ల పట్టికలు అచ్చు వేసేవారు. ఏ ఇంటికి పెద్ద ఎవరో అందులో ఉంటుంది. విద్యార్థులు ఆ పేర్లన్నీ కంప్యూటరులోకి ఎక్కించారు. ఒక ఇంట్లో ఒక పేరు ఎన్నేళ్ళు ఉందో, ఆ ఇల్లు తర్వాత ఏమైందో చూశాను. పక్షపాతం రాకూడదని ఇళ్ళ పేర్లు తీసేసి అంకెలు వేశాం. ఇంటిపెద్ద పేరు చాలాకాలం మారని ఇళ్ళు, బ్యాంకులు వరసగా కూలిన రోజుల్లో కూడా నిలబడ్డాయి. మారిన ఇళ్ళలో చాలా మూతపడ్డాయి. నేను రాసింది ఇంతే.

ఇది నాలుగు వందల ఇళ్ళ సగటు. మీ ఇంటి గురించి కాదు. ఈ మాట పెదనాన్నకు చెప్పు. బ్యాంకువాళ్ళు సారాంశం తయారు చేసినట్టు నాకు తెలియదు. సదస్సులో నేను చదివింది విని రాసుకుని ఉంటారు.

వ్యాసం మార్చిలో పత్రికలో వస్తుంది. అబద్ధమేదీ రాయలేదు అక్కా.

ఆ ఇంకో సంగతి ఏమిటి?

మినోరి


షిమోత్సు
అక్టోబరు 12

ఓ ప్రొఫెసరమ్మా,

సగటు సంగతి నాన్నకు చెప్పాను. "సగటులో మనమూ ఉన్నట్టేగా" అన్నారు. దీనికి జవాబు నీ దగ్గరుంటే పంపు.

సరే, దాచినది చెబుతాను. క్యూషూలో ఒక వెనిగర్ కొట్టువాళ్ళు మీ బావని పెద్ద పనివాడిగా రమ్మన్నారు. ఇల్లు కూడా ఇస్తారట. ఈ ఏడాది చివరికల్లా జవాబు చెప్పాలి. ఆ సంగతి ఆయన నాకు చెప్పలేదు. ఉతకడానికి తీసిన చొక్కా జేబులో ఉత్తరం కనబడింది. అడిగితే, "వెళ్తానని అన్నానా?" అన్నాడు. "వెళ్ళనని కూడా అనలేదుగా" అన్నాను. అక్కడితో ఆగింది. ఆయన వెళ్తే నేనూ వెళ్ళాలి. నేనూ వెళ్తే నాన్న ఒక్కరే, తొట్లు నలభై. ఇదీ మా పరిస్థితి.

నవ్వు వచ్చే సంగతి కూడా ఒకటి చెబుతాను. మన తాత, తొమ్మిదో జింబె, పోయి యాభై ఏళ్ళవుతోందని వచ్చే నెల గుళ్ళో కర్మ చేయిస్తున్నారు. ఆ ఏర్పాట్లకి వెళ్ళినప్పుడు నాన్న సమాధుల రాళ్ళ దగ్గర నిలబడి పూజారిగారికి ఇంటి కథ చెబుతున్నారు. "జింబె అగ్నిప్రమాదంలో కొట్టు పోగొట్టుకున్నాడు, మళ్ళీ జింబే కట్టాడు, జింబె ఒసాకాలో అంగడి తెరిచాడు, జింబె దాన్ని మూశాడు..."

మీ బావ మెల్లిగా, "ఏ జింబె అండీ?" అన్నాడు.

"ఏ జింబె ఏంటి? జింబె జింబేగా!"

"కాలిపోయినాయనా, కట్టినాయనా ఒకరేనా అని..."

"కాలిపోయింది ఏడో ఆయనకి. కట్టింది ఎనిమిదో ఆయన. మూసింది తొమ్మిదో ఆయన. అయితే ఏంటంటా? జింబెదేగా కొట్టు!"

పూజారిగారు దగ్గు వచ్చినట్టు నటించారు. నేను నవ్వాపుకోలేక చీపురు తీసుకుని ఆకులు ఊడ్చేశాను, ఆకులు లేకపోయినా.

కమలాలు ఒక పెట్టె పంపుతున్నాను. ఈ ఏడు పుల్లగా ఉన్నాయి.

సయోకో


క్యోటో
అక్టోబరు 19

అక్కకు,

కమలాలు అందాయి. కృతజ్ఞతలు.

నువ్వు నవ్వుతూ రాసింది చదివి, అన్నం వదిలేసి ఆఫీసుకి వెళ్ళి అంకెల వెనకాల ఇళ్ళ పేర్లు తెరిచాను. మన ఇల్లు 212. నేను చూడనే లేదు, ఎందుకంటే దాన్ని లెక్కలోంచి కొట్టేశాను. కంప్యూటరులో ఇలా ఉంది: ఇంటిపెద్ద జింబె, డెబ్బై ఒక్క ఏళ్ళు. ఒక మనిషి అన్నేళ్ళు పెత్తనం చెయ్యలేడు. ఎక్కించినవాళ్ళు పొరపాటు చేశారనుకున్నాను. అరవై ఏళ్ళు దాటినవన్నీ అలాగే తీసేశాను.

పొరపాటు వాళ్ళది కాదు. ఏడో జింబె, ఎనిమిదో జింబె, తొమ్మిదో జింబె. కంప్యూటరు ముగ్గురినీ ఒక్కరనుకుంది. నేనూ అనుకున్నాను. మూడు తరాలు కలిసినవి నాకు అనుమానం వచ్చి పోయాయి. రెండు తరాలు కలిసినవి నలభై ఏళ్ళు, యాభై ఏళ్ళు అని మర్యాదగా కనిపించి లోపల ఉండిపోయాయి.

వారసుడు పేరు కూడా తీసుకుంటాడని నాకు తెలియక కాదు. పెదనాన్న ఒకప్పుడు యోషియో అని తెలుసు. తెలిసిన సంగతిని ఇంట్లోనే వదిలి పనికి వెళ్ళాను.

ఇలాంటి ఇళ్ళు ఎన్ని ఉన్నాయో ఇంకా తెలియదు. పాత వ్యాపార రిజిస్టర్లలో "వారసత్వం వల్ల పేరు మార్పు" అని ఒక గడి ఉంది. అప్పుడు అనవసరమని వదిలేశాను. ఇప్పుడు నాలుగు వందల ఇళ్ళకీ అది చూడాలి. అంతవరకు పెదనాన్నకు ఏమీ చెప్పకు.

మినోరి


షిమోత్సు
అక్టోబరు 27

మినోరీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివితే ఇంత అర్థమయింది: చచ్చిపోయిన ముగ్గురు తాతల్ని కలిపి ఒక్క తాతని చేశావు. ఔనా? అయితే నువ్వూ నాన్నా ఒకటే. ఆయనా "జింబె జింబేగా" అనే అన్నారు.

నవ్వితే నవ్వానని కోప్పడకు. నేను నవ్వి చాలా రోజులైంది.

ఏమీ చెప్పనులే. కాని తొందరగా చూడు. మీ బావ పొద్దున్నే తొట్ల గదిలోకి వెళ్తే మధ్యాహ్నం దాకా రావడం లేదు. నిన్న అన్నం క్యారేజీ తీసుకెళ్ళాను. తొట్టి మీద తేలే తెల్లటి పొర చూశావుగా, అది బియ్యపు సారాని వెనిగర్ చేస్తుంది. అది తేలుతుండగానే గరిటెతో ఎత్తి కొత్త తొట్టిలో వేస్తారు. ఆయన ఒక పాత తొట్టి మీదికి వంగి చూస్తూ, "ఇది మునిగిపోయింది. మునిగాక ఎత్తి ఏం లాభం" అన్నాడు. నాతో కాదు, తొట్టితో.

నేను వింటున్నానని తెలిసే అన్నాడు.

ఒక్కటి అడుగుతాను. లెక్క తప్పయితే నీకేమవుతుంది?

సయోకో


క్యోటో
నవంబరు 26

అక్కకు,

నెల రోజులు ఉత్తరం రాయలేదు. పని అయింది.

నా లెక్క తప్పు. కొంచెం తప్పు కాదు, తలకిందులు. పేరు మారలేదని నేను లెక్కేసిన ఇళ్ళలో సగానికి పైగా చోట్ల, పేరు మారకుండా మనిషి మారాడు. వాటిలో చాలా ఇళ్ళలో పాత పెద్ద బతికుండగానే పక్కకి తప్పుకుని, కొట్టునీ పేరునీ కలిపి ఇచ్చేశాడు. కష్టకాలంలో నిలబడినవి ఆ ఇళ్ళే. పేరు మారిన ఇళ్ళలో ఎక్కువ భాగం, ఇంటిపెద్ద పీట వదలకుండానే పోయి, వెనకాల తగాదాలు వచ్చినవి. మార్పు లేదని నేను రాసిన చోటే మార్పు అన్నిటికన్నా బాగా జరిగింది. ఎంత బాగా జరిగిందంటే కాగితం మీద కనబడలేదు.

నాకేమవుతుందని అడిగావు. చెప్పకుండా ఉందామనుకున్నాను. నాది మూడేళ్ళ ఉద్యోగం. మార్చితో అయిపోతుంది. శాశ్వతమైన చోటు ఒకటే ఉంది. దానికి డిసెంబరు మధ్యలో కమిటీ కూర్చుంటుంది. వాళ్ళ ముందున్నది ఈ వ్యాసమే.

ససాబె ప్రొఫెసరుగారికి చూపించాను. ఆయన మొత్తం విన్నారు. కాఫీ తనే కలిపి ఇచ్చారు. "చూడమ్మా, తప్పు ఎప్పుడైనా ఒప్పుకోవచ్చు. ఉద్యోగం ఎప్పుడు పడితే అప్పుడు రాదు" అన్నారు. "మార్చిలో అచ్చు కానియ్యి. వేసవిలో సవరణ వ్యాసం రాయి. అప్పుడు రెండు వ్యాసాలవుతాయి." హాస్యానికి అనలేదు. నా మీద దయతో అన్నారు. అదే కష్టంగా ఉంది.

ఈ వారం దేశంలోకెల్లా పెద్ద షేర్ల కంపెనీల్లో ఒకటి మూతపడ్డాక ఇక్కడ అందరూ భయంభయంగా ఉన్నారు. రెండు చోట్ల నుంచి బ్యాంకువాళ్ళు ఫోన్ చేసి వ్యాసం పూర్తి కాపీ అడిగారు. పెద్దల్ని మార్చొద్దని ఖాతాదారులకు చెప్పడానికట. ఇంకా పంపలేదు.

ఏం చెయ్యాలో నిర్ణయించుకోలేదు.

మినోరి


షిమోత్సు
డిసెంబరు 1

మినోరీ,

ముందే చెప్పాల్సింది. చెప్పి ఉంటే నిన్ను తొందరపెట్టేదాన్ని కాదు.

ప్రొఫెసరుగారి మాట విను. వేసవి దాకా ఆగు. మా సంసారం మేం చూసుకుంటాం. నాన్నతో నేను ఇంకోలా తేల్చుకుంటాను. అన్నం వండనని కూర్చుంటే దారికి రాకపోరు. మీ బావ బాగానే ఉన్నాడు. నవ్వుతున్నాడు కూడా.

చిన్నప్పటి నుంచీ నువ్వు నోరు విప్పి ఒక్కటంటే ఒక్కటి కావాలని అడగలేదు. మా ఇంట్లో మిఠాయి పళ్ళెం నీ ముందు పెడితే అందరూ తీసుకున్నాక చివరిది తీసుకునేదానివి. ఈ ఒక్కసారి ముందు తీసుకో.

సయోకో

తా.క. నవ్వుతున్నాడని రాశాను. అబద్ధం. నిన్న తన గరిటెలు కడిగి, ఆరబెట్టి, గుడ్డలో చుట్టాడు. కాని నువ్వు ఆగు. నిజంగానే చెబుతున్నాను.


క్యోటో
డిసెంబరు 6

అక్కకు,

వ్యాసం వెనక్కి తీసుకున్నాను. పత్రికకీ, కమిటీకీ, బ్యాంకువాళ్ళకీ అదే రోజు ఉత్తరాలు పెట్టాను. మొదట వేసవి దాకా ఆగుదామనే అనుకున్నాను. బ్యాంకుకి పంపే కవరు మీద చిరునామా కూడా రాశాను. అప్పుడు షిమోత్సు లాంటి ఊళ్ళెన్ని ఉంటాయో, ఎన్ని గోడలకి పిన్నులు గుచ్చుతారో అనిపించింది. మీ కోసం కాదు అక్కా. మీ కోసం మాత్రమే కాదు.

పెదనాన్నకు విడిగా రాసిన ఉత్తరం ఇందులో పెడుతున్నాను. నువ్వే ఇవ్వు. మా బడిలో సిస్టర్ అగత, క్షమాపణ ఉత్తరంలో "కానీ" అన్న మాట ఉండకూడదనేది. ఉంటే చించేసి మళ్ళీ రాయించేది. నాలుగుసార్లు రాశాను.

మినోరి

(లోపలి ఉత్తరం)

పెదనాన్నకు నమస్కారాలు.

మీ గోడ మీద ఉన్నది తప్పు. తప్పు నాది. ఒకే పేరుతో వచ్చిన ముగ్గురు జింబెలను నేను ఒక్కరిగా లెక్కపెట్టాను. విడదీసి చూస్తే, బతికుండగా అప్పగించిన ఇళ్ళే ఎక్కువగా నిలబడ్డాయి. మన ఇల్లు వాటిలో ఒకటి. దయచేసి ఆ కాగితం తీసెయ్యండి.

మినోరి


షిమోత్సు
డిసెంబరు 17

మినోరీ,

ఏం చేశావే పిల్లా. తిడదామని కలం పట్టుకున్నాను. తిట్లు రావడం లేదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. నీ ఉత్తరం నాన్న కొతాత్సు బల్ల దుప్పటి కింద వెచ్చగా కాళ్ళు పెట్టుకుని చదివారు. మీ బావ ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడు. చదివి, మడిచి, నాకిచ్చి, "ఇవాళ ఇలా అంటుంది, నిన్న అలా అంది. టీవీలో వాన కబుర్లు నయం" అన్నారు.

"తప్పని తనే ఒప్పుకుంది కదా నాన్నా."

"రేపు ఇదీ తప్పంటుంది."

అప్పుడు మీ బావ కప్పు కింద పెట్టాడు. పన్నెండేళ్ళలో ఆయన నాన్నకి ఎదురు చెప్పడం నేను చూడలేదు. "మావయ్యగారూ, మీరు ఆ కాగితం చూసి ఆపలేదు. కాగితం రాకముందే ఆపారు. జనవరిలో పేరు మార్పుకి ఫ్యామిలీ కోర్టుకి వెళ్దామంటే జలుబన్నారు."

"జలుబు చేసింది!"

"ఏప్రిల్ దాకానా అండీ?"

నాన్న కమలా తొక్క తియ్యడం మొదలుపెట్టారు. తీసి తినలేదు. ఇంకోటి తీశారు. బల్ల మీద నాలుగైదు తొక్కతీసిన పళ్ళు వరసగా చేరాక అన్నారు: "నీకేంటయ్యా. ఒకటి వదిలి ఒకటి తీసుకుంటావు. నేను ఇచ్చేసి ఏం తీసుకోను? రేపు వర్తకుల సంఘం మీటింగులో 'జింబెగారూ' అని పిలిస్తే నువ్వు పలుకుతావు. నేనేం చెయ్యాలి? గోడకేసి చూడాలా?"

"చిన్నప్పటి పేరుందిగా, యోషియో అని" అన్నాను.

"ఆ పేరుతో పిలిచినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. ఎవరైనా అలా పిలిస్తే మా అమ్మ కోప్పడుతున్నట్టుంటుంది." తొక్కలు ఓ పక్కకి నెట్టి, "మా నాన్న జింబెగానే పోయాడు. పొద్దున కొట్టు తెరిచాడు, సాయంత్రం పోయాడు. ఇచ్చేశాక మనిషి ఎలా ఉంటాడో మా ఇంట్లో నేనెక్కడ చూశాను?" అన్నారు.

మినోరీ, ఇన్నాళ్ళూ ఆయనది పెత్తనం మీద ఆశ అనుకున్నాను. మీ బావ కూడా అలాగే అనుకున్నాడు. ఆయన లేచి ఒక పండు సగం చేసి నాన్న ముందు పెట్టాడు. ఇద్దరూ తిన్నారు. ఎవరూ ఏమీ తేల్చలేదు. మర్నాడు మీ బావ క్యూషూవాళ్ళకి, జనవరి నెలాఖరు దాకా గడువు కావాలని రాశాడు.

నాన్న నిన్నొకటి అడగమన్నారు. ఆయన మాటల్లోనే రాస్తున్నాను: "జింబెలు ముగ్గురని కనిపెట్టిందిగా ఆ పిల్ల. ఇచ్చేసిన జింబెలు ఆ తర్వాత ఏమయ్యారో చెప్పమను. ఎవరైనా పిలిస్తే ఏమని పలికారో."

కమిటీ ఏమంది? దాచకుండా రాయి.

సయోకో


క్యోటో
1998 జనవరి 9

అక్కకు,

కమిటీ ఇంకొకరిని తీసుకుంది. ఆయన మంచి పనిమంతుడు. మార్చి దాకా నాకు జీతం ఉంది. ఆ తర్వాత ఒత్సులో ఒక ఆడపిల్లల కాలేజీలో వారానికి రెండు రోజులు గణాంకశాస్త్రం చెప్పమన్నారు. ససాబెగారు కోప్పడలేదు. కాఫీ మళ్ళీ ఆయనే కలిపి ఇచ్చారు. ఆ వార్త విన్న రోజు నది ఒడ్డున చాలాసేపు నడిచాను. బాధ లేదని రాస్తే అది ఇంకో తప్పు లెక్క అవుతుంది.

పెదనాన్న ప్రశ్నకు జవాబు వెతికాను. ఇచ్చేసినవాళ్ళు నా పట్టికల్లో మొదటి నుంచీ ఉన్నారు. ఇంటిపెద్ద పేరు కింద "ఇంట్లో ఉంటున్న ఇతరులు" అని ఒక వరస ఉంటుంది. నేను దాన్ని పూర్తిగా తీసేశాను. అక్కడ పెదనాన్నలాంటివాళ్ళు కొత్త పేర్లతో కూర్చుని ఉన్నారు.

మన ఎనిమిదో జింబె ఇచ్చేశాక చోగెత్సు అయ్యాడు. అంటే చంద్రుణ్ణి చెవితో వినేవాడు. బాగా చెముడు ఉండేదని నాన్న ఎప్పుడో విన్నారట. క్యోటోలో అద్దకం పనివాళ్ళ ఇంటాయన ముయిచి, అంటే ఒక్కటీ లేనివాడు. ఒసాకాలో బియ్యం వర్తకుడు ఒకాయన కొనుకా అని పెట్టుకున్నాడు. తవుడు. ఇలాంటివి నూట ముప్పై దొరికాయి. జాబితా మొత్తం పంపుతున్నాను.

పెదనాన్నకు ఒక మాట చెప్పు. వాళ్ళు ఏమని పలికారో తెలిసింది. పలికినప్పుడు ఎలా ఉండేదో తెలియలేదు. ఎవరూ అడగలేదు, ఎవరూ రాసి పెట్టలేదు.

మినోరి


షిమోత్సు
జనవరి 30

మినోరీ,

నీ ఉద్యోగం సంగతి చదివి ఆ పూట అన్నం మాడ్చేశాను. నాన్న నీ ఉత్తరం అడిగి తీసుకుని, ఆ భాగం తనే చదువుకున్నారు.

జాబితా మాత్రం ఆయన జేబులోనే ఉంది. తవుడాయన దగ్గరికి వచ్చేసరికి కళ్ళల్లో నీళ్ళు వచ్చేలా నవ్వారు. "బియ్యం అంతా కొడుక్కిచ్చి తవుడు తను ఉంచుకున్నాడు, చూశావా!" అని కనబడిన ప్రతివాడికీ చెప్పారు. పోస్టుమ్యానుకి రెండుసార్లు చెప్పారు. ఆ తర్వాత వారం రోజులూ కొత్త పేరు కోసం అక్షరాలు రాసుకోవడం, కొట్టెయ్యడం.

మంగళవారం పొద్దున గంజి తాగుతూ, "తకుమా, కోర్టు ఎన్నింటికి తెరుస్తారు?" అన్నారు.

మీ బావ చెంచా జారవిడిచాడు.

వకాయామా కోర్టులో గుమాస్తా, "పేరు మార్పుకి కారణం?" అని అడిగాడు. మీ బావ నీళ్ళు నములుతుంటే నాన్న, "కారణం నేనే. నేను ఖాళీ చేస్తున్నాను, ఇతను దిగుతున్నాడు" అన్నారు, ఇల్లు అద్దెకిచ్చినట్టు. గుమాస్తా తల దించుకుని రాసుకున్నాడు. ఉత్తర్వు రావడానికి కొన్ని వారాలు పడుతుందట. మీ బావ ఆగలేదు. ఆ సాయంత్రమే క్యూషూకి రాలేనని రాశాడు. గరిటెల గుడ్డ విప్పాడు. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఎందుకేడ్చానో ఆయన అడగలేదు. బాగానే తెలుసు.

నాన్న తన పేరు మాకు చెప్పడం లేదు. ముందు నీకే చెబుతారట.

సయోకో


షిమోత్సు
ఫిబ్రవరి 22

మినోరీ,

ఉత్తరాలు రాయడం నాకు అలవాటు లేదు. కొట్టు తరఫున రాసినవే అన్నీ.

కోర్టు కాగితం వచ్చింది. అందులో నేను యోషియోని. అది కోర్టువాళ్ళ కోసం. నా పేరు నేను వెతుక్కున్నాను. నువ్వు పంపినవాళ్ళలో తవుడాయనే నాకు నచ్చాడు. అది ఆయనది కాబట్టి ముట్టుకోలేదు. నాది రెండు అక్షరాలు, "మిగిలిన", "వెనిగర్". కలిపి చదివితే యొసు. చెవికి "ఇక చాలిద్దాం" అన్నట్టే ఉంటుంది. మీ బావకి ఈ హాస్యం అర్థం కావడానికి ఒక పూట పట్టింది. వెనిగర్ మాత్రం బాగా చేస్తాడు.

మొన్న సంఘం మీటింగులో "జింబెగారూ" అన్నారు. ఇద్దరం పలికాం. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

నీ ఉద్యోగం పోయింది మా వల్లేనా అని సయోకోని అడిగాను. "నీ వల్లే నాన్నా" అంది. కాసేపు కోపం వచ్చింది. తర్వాత అది సరైన జవాబే అనిపించింది.

ఇచ్చేసినవాళ్ళని ఎవరూ అడగలేదని రాశావు. ఈ తీరం మీద మేం నలుగురం ఉన్నాం. సోయా సాసు ఆయన, తాళ్ళ కొట్టాయన, వలల వర్తకుడు, నేను. సోయా సాసు ఆయనకి తొంభై. చెవి వినబడదు కాని మాట బాగా వస్తుంది. నీ లెక్కలో మేం లేం. ఒత్సులో నీకు వారానికి ఐదు రోజులు ఖాళీ అట కదా. వచ్చి అడుగు. నన్ను ఆఖరున అడుగు. నాకింకా తెలియదు.

కింద అలవాటు కొద్దీ ఇంకో పేరు మొదలుపెట్టి కొట్టేశాను. చూసీ చూడనట్టు పో.

యొసు